రాని కిరాయికి పన్ను కట్టిన మా అత్త

మా మేనత్త పోయింది. పోయిన వారం పొద్దున్నే ఆమె బిడ్డ ఫోన్ చేసి, "వదినా, అమ్మ లేస్తలేదు, జర జల్ది రా" అన్నది. వరాలా తలావ్ దగ్గరి మా ఇంటి నుంచి రిక్షా పట్టుకుని శాంతి నగర్‌లో అత్త ఇంటికి చేరేసరికే మెట్ల కింద చెప్పులు నిండిపోయి ఉన్నాయి. నిద్రలోనే వెళ్లిపోయిందట. తను బాధపడలేదు, ఎవరినీ బాధపెట్టలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కరీంనగర్ వైపు నుంచి మామతో కలిసి ముంబై దగ్గరి భివండికి వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకరి గాలాలో కూలికి పోయేవాళ్లు. గాలా అంటే మరమగ్గాలు నడిచే షెడ్డు. మామ మగ్గాలు నడిపితే ఆమె కండెలు చుట్టేది. ఏండ్ల తరబడి అట్లా కష్టపడి ఒక గాలా కొన్నారు, తర్వాత దాని పక్కది కొన్నారు, పైన వరుసగా గదులు కట్టారు. మామ పోయాక మగ్గాలు నడిపించడం తనతో కాదని గాలాలు రెండూ కిరాయికి ఇచ్చింది. పైన చివరి గదిలో తనుండేది, మిగతావాటిలో మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ల కుటుంబాలే ఉండేవి. కాశేలి వైపు గోదాములు లేస్తున్న రోజుల్లో లోన్ తీసుకుని అక్కడొక ఫ్లాట్ కూడా కొన్నది. "గిది నా ముసలితనానికి" అనేది. ముసలితనం వచ్చేసింది గద అత్తా అని నేనంటే పడీపడీ నవ్వేది.

కొత్తగా గదిలో దిగినవాళ్లకు మొదటి రోజు అన్నం ఆమె ఇంటి నుంచే. "సామాన్ దించిన్నాడు పొయ్యి ముట్టియ్యకుండ్రి, అలిసిపోయి ఉంటరు" అని గిన్నెలు తీసుకుని తనే పోయేది. వంట చేస్తూ చేస్తూ ఒక్కోసారి గోడకు అరచెయ్యి ఆనించేది. కింద మగ్గాలు నడుస్తుంటే గోడ సన్నగా వణికేది. అది ఆమెకు పసిపిల్ల ఊపిరి లాంటిది అనుకుంటాను.

లాక్‌డౌన్‌లో ఆ గోడ ఆగిపోయింది. తాళాలు తీశాక కూడా పని మునుపటిలా లేవలేదు. నూలు ధర పెరిగింది, బట్ట అడిగేవాడు లేడు. చుట్టుపక్కల ఎందరో మగ్గాలను భంగారుకు, అంటే పాత ఇనుము కింద, అమ్ముకున్నారు. అత్తకు ఒక గాలా కిరాయి రావడం ఆగింది, గదుల్లో సగం మంది చేతులెత్తేశారు. ఫ్లాట్ కిస్తీ మాత్రం ఆగలేదు. మున్సిపాలిటీ వాళ్లు ఘర్‌పట్టీ, అంటే ఇంటి పన్ను, బకాయి ఉందని గాలా తలుపుకు నోటీసు అంటించి పోయారు.

నేను ఒక పన్నుల వకీలు దగ్గర పనిచేస్తాను. అత్తను అక్కడికి తీసుకుపోయాను. వకీల్ సాబ్ మంచి మనిషి. ఆయన హిందీలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. ముందు ఫ్లాట్ సంగతి వచ్చింది. ఇప్పుడు అమ్మితే కొన్న ధర కూడా రాదు, లాభం లేదు కాబట్టి లాభం మీద పన్నూ ఉండదు. ఆ నష్టాన్ని గడువులోపల రిటర్నులో చూపిస్తే, కొన్నేండ్ల లోపల ఇంకో ఆస్తి అమ్మి లాభం వచ్చినప్పుడు దాంట్లోంచి తగ్గించుకోవచ్చు.

"నష్టపోయినోళ్లకు సర్కారు ఇచ్చే ఇనాం గిదేనా?" అన్నది అత్త. వకీల్ సాబ్‌కు చెప్తే ఆయనా నవ్వాడు.

తర్వాత కిరాయి సంగతి. కిరాయి చేతికి రాకపోయినా, రావలసిందే పన్ను లెక్కలోకి వస్తుంది. రానిదాన్ని వదిలిపెట్టాలంటే కిరాయిదార్లను ఖాళీ చేయించే ప్రయత్నమైనా చేసి ఉండాలి. "ఒక్కొక్కరికి ఒక నోటీసు పంపుదాం. ఆ తర్వాత ఎంతవరకు పోవాలన్నది మీ ఇష్టం" అన్నాడు ఆయన.

అత్త నా వైపు తిరిగింది. "అంటే, ఎల్లగొడ్తనంటేనే నాకు పన్ను తప్పుతదా?"

"ఎల్లగొట్టుడు కాదత్తా, ఉత్త కాగితం."

"ఆ కాగితం ఏడికి పోతది?"

"వాళ్ల ఇంటికే."

"మరి ఉత్తది ఎట్లయితది బిడ్డా? చదువురానోడు ఎవలితోనన్న చదివించుకుంటడు. గా రాత్రి ఆ ఇంట్ల ఎవలన్న తింటరా?"

ఆమె ఏమన్నదని వకీల్ సాబ్ అడిగాడు. చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. అత్త మాత్రం ఒకే మాట అడిగింది. "నేను కడ్తనంటే తప్పేం లేదు గద?" తప్పేం లేదన్నాడు ఆయన.

కాశేలి ఫ్లాట్ అమ్మింది. కొన్నది ఒక కొత్త జంట. పిల్లవాడు అక్కడే గోదాములో సూపర్‌వైజర్. తాళాలు ఇచ్చే రోజు నేనూ పోయాను. ఏ కిటికీ తెరిస్తే గాలి వస్తుందో అత్త ఆ అమ్మాయికి తిరిగి తిరిగి చూపించింది. "లోన్ తీస్కున్నరు గద, వడ్డీ కాగితాలు పైలంగ పెట్టుకోండ్రి. పన్నుల ఏమన్న తగ్గుతదేమో మా కోడల్ని అడుగుండ్రి" అని నన్ను ముందుకు తోసింది. ఫ్లాట్ అమ్మిన డబ్బుతో అత్త లోన్ తీరింది. ఘర్‌పట్టీ కట్టేసింది. రాని కిరాయి మీద పన్నూ కట్టింది. తర్వాత మిగిలింది ఏమంత లేదు.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. కోపం వచ్చేది. కిరాయి ఇవ్వనివాడొకడు కొత్త ఫోన్ కొంటే మెట్ల మీదే నిలబెట్టి కడిగేసింది. వాడు చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఠాణే బస్సులో పోతుంటే కాశేలి రాగానే మొహం ఇటు తిప్పుకునేది. ఒకసారి అడిగేశాను, బాధ అయితలేదా అని.

"ఎందుకు గాదు? అయితది. గని వీళ్లందర్ని ఎల్లగొట్టి, కాశేలిల కూసోని ఎవలితోని మాట్లాడాలె?"

మెల్లగా పని లేచింది. కిరాయి ఆపిన గాలా కిరాయిదారు ముందు కొన్ని మగ్గాలు, తర్వాత ఇంకొన్ని నడిపించాడు. పాత కిరాయి కొద్దికొద్దిగా తెచ్చి ఇచ్చాడు. ముందే పన్ను కట్టిన కిరాయి తర్వాత చేతికి వస్తే మళ్లీ పన్ను ఉండదని చెప్పాను. "అయితే నేనే గెల్చిన పో" అని చప్పట్లు కొట్టింది. పిల్లకు జబ్బు చేసిందని, బాకీ తీర్చకుండానే ఒక కుటుంబం ఊరికి పోయి తిరిగి రాలేదు. వాళ్ల పేరు వస్తే, పిల్లకు నయమైందో లేదో అనేది, అంతే.

ఇప్పుడు మా ఆఫీసులో ఎవరికైనా ఖాళీ చేయమని నోటీసు టైపు చేయవలసి వస్తే, ఆ ఇంట్లో ఎవరెవరున్నారని ముందు అడుగుతాను. కొందరు యజమానులు విసుక్కుంటారు. కొందరు ఆగి, చెప్తారు. ఒకరిద్దరు మాత్రం చెప్తూ చెప్తూనే వద్దులే అని లేచిపోయారు. ఈ అడగడం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

అత్త పోయిన రోజు పాడె పైకి రాలేదు. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. చివరికి అత్తను ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుము చుట్టూ తువ్వాల కట్టి దించారు. కుర్చీ వీపు గాలా కిరాయిదారు పట్టుకున్నాడు, కాళ్లు పై గదులవాళ్లు పట్టుకున్నారు. ఫోన్ కొన్నవాడు కూడా ఉన్నాడు. వరుసగా అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే ఒక్కో గది ముందు కుర్చీ కాస్త ఆగింది. ఆమె తల ఒక పక్కకు వాలి, లోపలివాళ్లు ఏదో చెప్తుంటే వింటున్నట్టే ఉంది. మలుపు దగ్గర గాలా కిరాయిదారు ఆమె చెవి దగ్గరికి వంగి, మెల్లగా అన్నాడు.

"పైలం అత్తమ్మా, మెట్టున్నది."