మంచం పక్కన మోకాళ్ల ప్రార్థన

పోయిన ఏడాది నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరైన మావారు, ఆఫీసులో పనుందంటూ ఒక్కరోజు కూడా ఆసుపత్రి గడప తొక్కలేదు. నెల తర్వాత ఆదివారం, హఫీజ్‌పేట్‌లోని మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయాన ఆయనే మైకు అందుకున్నారు.

"నా భార్య మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థించిన. దేవుడు స్వస్థపరిచిండు!"

అందరూ "ఆమెన్" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ మంచం ఏ అంతస్తుల ఉండెనో జర చెప్పున్రి."

ఆయన మైకు దించేశారు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

బయటికొచ్చాక "పదిమందిల ఇజ్జత్ తీసినవ్" అన్నారు మావారు.

"తీయనీకి ఉండాలె గద!" అన్నాను.

రోగంలోనూ ఆరోగ్యంలోనూ ఒకరినొకరు విడిచిపెట్టబోమని ఇరవయ్యేళ్ల కిందట ఆ చర్చిలోనే ఇద్దరం ప్రమాణం చేశాం. ఇంటికెళ్లాక ఆయన బీపీ మాత్ర, మంచినీళ్లు నేనే తెచ్చిచ్చాను. ప్రేమతో కాదు. ఆ మాట నేనూ ఇచ్చాను కనుక.