సీరం నంబరు నలభై ఒకటి

పదవీ విరమణకు తొమ్మిదేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను తమిళనాడులోని కారిమంగళం ప్రభుత్వ పశువైద్యశాలకు అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పశు జీవవైద్య శాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి సీటు కూడా అదే నెలలో వచ్చింది. యాభై దాటాక విద్యార్థిని కావడం గొప్ప అనుభవం. ఉదయం ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను లాగి, మధ్యాహ్నం కాలేజీకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు నిలబడి సంజాయిషీ చెప్పుకొనేదాన్ని.

నా అంశం బ్రుసెల్లోసిస్. ఆవులు నెలలు నిండకుండానే ఈసుకుపోయే, అంటే గర్భస్రావమయ్యే జబ్బు. పచ్చిపాలు తాగినా, మాయను ఒట్టి చేతులతో తీసినా మనుషులకూ సోకుతుంది. ఆవు మెడ దగ్గర రక్తం తీసి, సీరం వేరు చేసి, దానికి నంబరు వేసి పరీక్షించాలి. ఆరు నెలల తర్వాత అదే ఆవు నుంచి రెండో నమూనా తీయాలి.

ఈ రెండో నమూనా దగ్గరే మా గైడు గారి దూరదృష్టి బయటపడింది. ఆయన పెద్ద ప్రొఫెసరు. పశువులను ఎక్కువగా సూక్ష్మదర్శిని కింద, చిన్న ముక్కలుగా చూసినవారు. థీసిస్ సమర్పించేదాకా ఫలితాలు ఎవరికీ చెప్పవద్దన్నారు. చెబితే రైతులు ఆవులను అమ్మేస్తారు, రెండో నమూనా దొరకదు, పట్టికలో ఖాళీలు పడతాయి. పట్టికలో ఖాళీలంటే మా డాక్టరల్ కమిటీకి ఎక్కడలేని బెంగ. పల్లెలో జ్వరాల గురించి ఆ బెంగ ఉన్నట్టు ఏ సమావేశపు మినిట్స్‌లోనూ కనిపించదు. నేనూ బుద్ధిగా తలాడించాను.

నలభై ఒకటో నంబరు మునియమ్మ ఆవుది. ఆమె కూలిపని చేసేది. ఆవు రెండుసార్లు ఈసుకుపోయింది. మొదటి నమూనాకు చేసిన రెండు రకాల పరీక్షల్లోనూ జబ్బు ఉన్నట్టే తేలింది. ఆ సంగతి ఐదు వారాలు నా ఫైల్లో క్షేమంగా ఉంది. ఒక ఉదయం ఆమే పశువైద్యశాలకు వచ్చింది. ఆమె ఇంట్లోలాగే మా ఇంట్లోనూ తెలుగే, గడప దాటితే తమిళం. కాబట్టి భాష తెలియదని తప్పించుకొనే వీలు కూడా లేకపోయింది.

“డాక్టరమ్మా, నెత్తురు తీసుకొని పోయినారు. నా ఆవుకి ఏమొచ్చిందో చెప్పనే లేదే?”

పరిశోధన ముగియలేదనీ, నియమాలున్నాయనీ, రెండేళ్ళు పట్టవచ్చనీ చెప్పాను.

“మీరు పాసయ్యేదాకా నా మొగుడు కాచ్చల్‌తో పండుకోనే ఉండాల్నా?”

కాచ్చల్ అంటే జ్వరం. ఎన్నాళ్ళుగా అని అడిగాను. నెలల తరబడి వచ్చిపోతోందట, కీళ్ళు పట్టేస్తున్నాయట. ఆస్పత్రిలో మూడుసార్లు టైఫాయిడ్‌కు మందులిచ్చారు. పచ్చిపాలు తాగుతాడా అని అడిగాను.

“పిండిన వేడికే తాగుతాడు. బలమంట. మాయ కూడా ఆయనే చేత్తో లాగినాడు.”

వెంటనే ఆమె వెంట వెళ్ళాను. పాలు కాచి తాగాలని, ఆవును వేరుగా కట్టాలని, అమ్మకూడదని, మాయను సున్నం వేసి లోతుగా పూడ్చాలని, సాయంత్రం దాకా కూర్చుని చెప్పాను. ఆమె భర్తకు జిల్లా ఆస్పత్రికి ఉత్తరం రాసిచ్చాను. అక్కడ రక్తపరీక్షలో అదే జబ్బు తేలింది. ఆరు వారాలు మందులు వాడాక లేచి పనికి పోయాడు.

మునియమ్మ ఇంటికి వెళ్ళిన మరుసటి రోజే, ఆవుకు జబ్బు తేలిన మిగిలిన పదకొండు ఇళ్ళకూ ఒక్క పూటలో వెళ్ళి ఫలితాలు చెప్పేశాను. మనస్సాక్షి ఉన్న మనిషినని నా మీద నాకే గౌరవం కలిగింది. ఆ గౌరవం తర్వాతి సంత దాకా నిలిచింది. ఇద్దరు రైతులు తమ ఆవులను అక్కడే అమ్మేశారు. జబ్బు సంగతి కొన్నవాళ్ళకు చెప్పలేదు. చెప్పవద్దని నాకు నేర్పిన గైడు గారు ఇందులో వాళ్ళను తప్పుపట్టలేరు.

ఫలితాలు బయటపెట్టినందుకు నాకు మాత్రం కాలేజీ నుంచి మెమో వచ్చింది. డిగ్రీ ఏడాదిన్నర వెనకబడింది. చివరి మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పట్టికలో రెండు ఖాళీలెందుకని అడిగారు. ఆవులు సంతకు పోయాయన్నాను. “తదుపరి పరిశీలనకు లభ్యం కాలేదు” అని రాయమన్నారు. రాశాను. శాస్త్రం ముందుకు సాగింది.

ఆ ఆవుల కోసం ఊరూరూ తిరిగాను. ఒకటి దొరికింది. నాలుగు చూడి ఆవుల మధ్య కట్టేసి ఉంది. కొత్త యజమానికి అంతా చెప్పి, దాన్ని వేరు చేయించి, ఆ నాలుగింటి రక్తం తీసుకున్నాను. రెండో ఆవు ఏ పాకలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను నేర్చుకున్నది ఇది. జబ్బు తేలిన రోజే యజమానికి చెప్పాలి. ఆ ఆవును అమ్మకుండా అతను ఎలా నెట్టుకొస్తాడో తేలేదాకా ఆ ఇంటి నుంచి లేవకూడదు. మునియమ్మకు నేను ఐదు వారాలు ఆలస్యంగా చెప్పాను. సంతలో ఆవులను అమ్మిన ఆ ఇద్దరి ఇళ్ళ నుంచి పావుగంటలో లేచి వచ్చేశాను.