రొట్టె గుర్తు జెండా

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆర్మూరులో బడులన్నిటికీ కలిపి ఎగ్జిబిషన్ పెట్టారు. గెలిచినవాళ్లు నిజామాబాదు పోతారు. మా ఆడపిల్లల బడి నుంచి అప్పటిదాకా ఒక్కరూ పోలేదు. ఈసారి నేను పోయి తీరాలని పంతం పట్టాను. నా పంతం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

పాత హైదరాబాదు రాజ్యపు గుర్తు, దాని రంగులు. అదీ నేను ఎంచుకున్న అంశం. మొదటి నిజాంకు ఒక ఫకీరు పసుపుపచ్చ గుడ్డలో చుట్టిన రొట్టెలు పెట్టాడట. ఆయన ఏడు తిన్నాడట. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని ఫకీరు దీవించాడట. అందుకే జెండాకు పసుపు రంగు, నడుమ తెల్లటి రొట్టె అని చెప్పుకుంటారు. ఆ కథ నాకు తెగ నచ్చింది. తాతకు మాత్రం ఒళ్లు మండింది. పడుచు వయసులో నిజాం మీద ఎర్రజెండా పట్టి పోలీసుల దెబ్బలు తిన్న మనిషి మరి.

"గా జెండా నా ఇంట్ల చేస్తవా? గెలిస్తే గెలువు గని, నన్ను మాత్రం చూడ రమ్మనకు!" అన్నాడు.

నేను వింటేనా! పసుపుకు మా ఇంట్లో కరువా? కొమ్ములు దంచి ఉడకబెట్టి, తెల్లబట్టను ముంచి, ముందురోజు సాయంత్రం తడితడిగానే ఎగ్జిబిషన్ జరిగే బడి గోడకు బిగించాను. ఆరాక నడుమ అంటించడానికి తెల్ల అట్టతో రొట్టె కత్తిరించి పెట్టుకున్నాను. పొద్దున పోయి చూస్తే జెండా ఎర్రగా ఉంది! ఎగ్జిబిషన్ కోసం గోడలకు కొత్తగా సున్నం వేశారు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇంటింటా అట్లాగే కలుపుతారు. పసుపు పండించే ఇంట్లో పుట్టి ఆ మాట మరిచానే అని ఏడుపొచ్చింది.

నందిపేట్ బడి పిల్లలు ఊరుకుంటారా? "ఏందే, నిజాం కమ్యూనిస్టుల్ల కలిసిండా?" అని ఒకటే నవ్వు. అంతలో మార్కులు వేసే సారు రానే వచ్చాడు.

"పసుపు జెండా అని రాసినవ్, గిదేంది బిడ్డా ఎర్రగున్నది?"

సార్ల షర్బతు కోసం పక్క బల్ల మీద నిమ్మకాయలు కోసి పెట్టారు. దిష్టినీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడతాయని గుర్తొచ్చింది. ఒక చెక్క లాక్కున్నాను.

"జర ఆగుండ్రి సార్, సూడుండ్రి!"

పిండుకుంటూ పోయాను. రసం తగిలిన చోటల్లా ఎరుపు పోయి పసుపు లేచింది. నవ్విన నోళ్లన్నీ తెరుచుకునే ఉండిపోయాయి. ఆ క్షణాన నా అంత మొనగత్తె జిల్లాలోనే లేదనిపించింది! ఫకీరు రొట్టెల కథ గడగడా చెప్పేస్తూ సగం జెండా దాకా వచ్చాను.

"ఆపు బిడ్డా! సగం గట్లనే ఉండనీ."

గుమ్మంలో తాత! రానన్న తాత!

"ఎందుకు పెద్దాయనా?" అని సారు అడిగాడు.

"పచ్చదే చూపిస్తే గా నిజాం కథే అయితది సారూ. మరి మా కథ?"

 సారు రొట్టె అట్టను తనే అందుకుని పసుపూ ఎరుపూ కలిసే చోట అంటించాడు. మొదటి బహుమతి మా బడికే వచ్చింది!

నిజామాబాదు బస్సులో ఆ జెండాను తాత నాకు కూడా ఇవ్వలేదు. నలుగుతుందని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నాడు.