అడ్డంగా పద్నాలుగో నంబరు పనస

చుట్టుదారి మావయ్యను తెలిసినవాళ్ళెవరూ దారి అడగరు. అడిగితే ఆయన లేని చెట్లను గుర్తులుగా చెబుతాడు. "పనస దగ్గర ఎడమకి తిరిగి, జంట నేరేళ్ళు దాటి..." అంటాడు. ఆ పనస కూలి పదిహేనేళ్ళయింది. నేరేళ్ళు ఎవరింట్లోనో తలుపులయ్యాయి. ఇప్పుడక్కడ కనుచూపు మేర రబ్బరు తోటే.

కొత్తగా వచ్చిన నర్సుకి ఈ సంగతి తెలియదు. తోటకూలీల ఇళ్ళకి స్కూటరు మీద వెళుతూ, దారి రెండుగా చీలిన చోట ఆగింది. ఆమె కాళ్ళ దగ్గర టీకాల పెట్టె. ఆ ఇళ్ళ దగ్గర ఇరవైమంది పసివాళ్ళు ఎదురుచూస్తున్నారు. పెట్టెలో ఐసు కరిగిపోతే మందు పాడవుతుంది, మళ్ళీ నెలదాకా రాదు. చీలిక దగ్గర రాతి మీద మావయ్య కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్ గారూ, కూలీల ఇళ్ళకి నేరుగా వెళ్ళాలా?"

"నేరుగా వద్దమ్మా. పనస అడ్డం."

"ఏ పనస?"

"పద్నాలుగో నంబరు."

ఆమె తొంగి చూసింది. అద్దంలాంటి రోడ్డు. పనస మాట దేవుడెరుగు, గడ్డిపోచ లేదు.

"అక్కడేం లేదుగా!"

"నీకు లేదు," అంటూ ఆయన వెనక సీటెక్కి, పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోనియ్. నేను చెప్తాగా."

రెండో దారిన కాస్త దూరం వెళ్ళారో లేదో, "మామిడి! తల వంచు," అని కేకేశాడు. ఆమె వంచింది. వంచాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

"కొమ్మేదీ?"

"ఉండేది. మంచి కాపు కూడాను."

కొందరికి ఎప్పుడో పడ్డ మాటలు గుర్తుంటాయి, కొందరికి తిన్న విందులు. ఈయనకి చెట్లు. వయసులో ఉండగా కలప కంపెనీలో పని. నరకాల్సిన చెట్టు మీద సుత్తితో నంబరు ముద్ర కొట్టేవాడు. అలా నాలుగువేల పైచిలుకు కొట్టాడు, ఒక్కటీ మరిచిపోలేదు. పెళ్ళయి ఎన్నేళ్ళయిందని భార్య అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడట.

వాగు దగ్గర స్కూటరు దిగి తొయ్యాల్సి వచ్చింది.

"పావుగంట దారికి గంట పట్టించారు! మందు పాడైతే ఎవరిది పూచీ?"

"నాదే," అని ఆయన తువ్వాలు నీళ్ళలో ముంచి పెట్టెకి చుట్టాడు. దారి వాగు వెంబడే కావడంతో, ఎండిన ప్రతిసారీ దిగి మళ్ళీ ముంచాడు.

గట్టు ఎక్కాక, "ఇంజను ఆపు," అన్నాడు నెమ్మదిగా.

దిగువన, ఆమె రావాల్సిన ఆ నేరు రోడ్డు మీద ఐదు ఏనుగులు. ముందున్న ముసలి ఏనుగు ఖాళీ రోడ్డు మధ్య ఆగింది. ఏదో ఉందన్నట్టు పక్కకి జరిగి, చుట్టూ తిరిగి ముందుకి నడిచింది. దాని వెనక ఓ బుల్లి ఏనుగు. అదీ లేని చెట్టు చుట్టూ బుద్ధిగా తిరిగింది.

"పనస," అన్నాడు మావయ్య. "దానికే ఒళ్ళు రుద్దుకునేవి. చెట్లు పోయాయని వాటికెవరూ చెప్పలేదమ్మా. ఎండ తిరిగాక నీళ్ళకి ఆ దారినే వస్తాయి."

నర్సు గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "ఏనుగులని ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పేవాణ్ణి. చెబితే జనం ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు, టపాకాయలు పేల్చారు. ఓ గున్న కాలు విరిగింది, ఓ మనిషి నడుం విరిగింది. పనస అన్నాననుకో, ఎవరూ చూడ్డానికి రారు. పిచ్చాడంటారు. అననీ."

కూలీల ఇళ్ళ దగ్గర పెట్టె తెరిస్తే ఐసుముక్కలు ఇంకా గలగలమన్నాయి. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని చుట్టూ మూగారు. వాళ్ళని తోసుకుంటూ తోట మేస్త్రి వచ్చాడు. భుజాన టపాకాయల దండ.

"ఏం సిస్టర్, ఇంత ఆలస్యం? దారిలో ఏనుగులేమన్నా తగిలాయా?"

మావయ్య తన కాలి గోళ్ళను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

"పంక్చరండీ," అంది నర్సు.

"ఆ అడవిలో పంక్చరు ఎవరు వేశారు?"

"బాబాయ్ గారే."

"ఈయనకి పంక్చరు వెయ్యడం ఎప్పుడొచ్చింది?" అంటూ మేస్త్రి వెనక్కి తిరిగాడు.

అక్కడెవరూ లేరు. మావయ్య చెప్పాపెట్టకుండా అప్పటికే గట్టెక్కి వెళ్ళిపోతున్నాడు. నవ్వుకి భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.