అలల అంచుకు మూడు గంపలు

రెండువేల దశకం చివర్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. వినేవాళ్లు కూడా కొందరు ఉండేవారు. ఆ రోజుల్లోనే నాకు లింక్డ్ డేటా పిచ్చి పట్టింది. తెలిసిన ప్రతి సంగతినీ మూడు ముక్కల చిన్న వాక్యంగా డేటాబేస్‌లో వేయడం, వాటిని ఒకదానితో ఒకటి కలిపి ప్రశ్నలడగడం. చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. చేసి చూపించమన్నప్పుడే కాస్త ఇబ్బంది.

కాలేజీ ప్రదర్శనకు నేను ఏలూరు తివాచీలు ఎంచుకున్నాను. అక్కడ పాతకాలపు నేతగాడైన ఒక సాయిబుగారి ఇంట్లో, నీలం అంచు మీద తెల్లటి అలలున్న తివాచీ ఒకటి ఉంది. అలాంటి అంచు నేను మరెక్కడా చూడలేదు. పెద్దాయన దాన్ని ప్రదర్శనకు ఇస్తానన్నారు.

"ఒక్కటేనండి మాస్టారూ. ఆ అంచు మొదట నేసింది నేనని కింద అట్ట మీద రాయించండి. ఇంకేం అక్కర్లేదు."

చిక్కేమిటంటే, పక్క వీధిలో ఉండే ఆయన బావమరిదికి కూడా సరిగ్గా అదే అభిప్రాయం ఉంది, తన గురించి. ఇద్దరూ ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేసినవాళ్లు. పడవలో కొల్లేరు దాటుతూ అలలు చూసి వేశానని పెద్దాయన అంటారు.

"మా బావకి పడవంటే భయమండి," అన్నారు బావమరిది. "ఎక్కితే దిగేదాకా కళ్లు మూసుకునే ఉంటాడు. అలలేం చూస్తాడు?"

ఇలాంటి బంధువుల కోసమే నేమ్డ్ గ్రాఫులు కనిపెట్టారని నా నమ్మకం. వాక్యాలన్నీ ఒకే కుప్పగా పోయకుండా, ఎవరు చెప్పినవి వాళ్ల గంపలో వేసి గంపకు వాళ్ల పేరు పెట్టడమే అందులోని సూక్ష్మం. ఆ ఇళ్లలో నాతో నోరు విప్పిన ప్రతివాళ్లకూ ఒక గంప పెట్టాను.

ప్రదర్శనకు ముందురోజు పెద్దాయన పాసింజరు బండి దిగి సరాసరి మా ల్యాబుకు వచ్చారు. అట్ట ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్లాలి. తన పేరు సరిగా పడుతుందో లేదో చూసుకోవాలని ఆయన ఆత్రం.

'అలల అంచు మొదట నేసిందెవరు?' అని క్వెరీ కొట్టాను. ఫలితాలు సున్నా.

పెద్దాయన తెరను చూసి, నన్ను చూశారు. "ఎవరూ నేయలేదంటోందా అండి?"

తప్పు నాదే. గంపల మాట ఎత్తకుండా అడిగాను కాబట్టి అది ఎవరి పేరూ పెట్టని విడి గంపలో వెతికింది. అందులో నేనేమీ వేయలేదు. ఈసారి గంపలన్నీ ఒకే కుప్పగా కలిపి చూడమన్నాను. మూడు పేర్లు వచ్చాయి. ఒకటి ఆయనది, ఒకటి బావమరిదిది. మూడోది ఒక ఆడమనిషి పేరు.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నారు. "ఈవిడ మా అత్తగారండి. పోయి చాలాకాలమైంది. ఈ మాట ఎవరన్నారు?"

"కుప్పలో అది తెలియదండి. ఎవరి గంపలోదో మళ్లీ అడగాలి."

"అడగండి."

పేరుతో పాటు అది ఏ గంపలో ఉందో కూడా చెప్పమని క్వెరీ మార్చాను. అత్తగారి పేరు పక్కన గంప పేరు వచ్చింది. అది ఆయన భార్యది.

"మా ఆవిడా? మీకెప్పుడు చెప్పింది?"

"టీ ఇచ్చినప్పుడండి. మీరు ఊలు చూపిస్తానని లోపలికి వెళ్లారు."

"ఏమంది?"

గంప తెరిచి చదివాను. అమ్మది కొల్లేటి గట్టు ఊరు. ఆ అంచు ముందు నేసింది అమ్మే. వీళ్లిద్దరూ అది చూసి నేర్చుకున్నారు.

"ఇంకేమైనా అందా?"

"అన్నారండి. అది డేటాబేస్‌లో వేయలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఫ్యాను కిందే ఉన్నా మెడ తుడుచుకున్నారు.

"నలభై ఏళ్లుగా నాదనే చెప్పుకుంటున్నానండి. మా ఆవిడ ఒక్కసారీ కాదనలేదు."

"మీరు అడిగారా సాయిబుగారూ?"

"లేదండి," అన్నారు. "నా గంపలో మాట తీసేయొచ్చా?"

"తీసేయొచ్చండి. అప్పుడు మీ అత్తగారు, మీ బావమరిదిగారు మిగులుతారు."

"అయితే ఉండనివ్వండి."

ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ మూడు పేర్లూ మళ్లీ చదువుకున్నారు. నేను తెరవైపు చూస్తూ పనున్నట్టు నటించాను.

"అత్తగారి పేరు పైన వేయండి మాస్టారూ," అన్నారు చివరికి. "చెప్పిందెవరో పక్కన వేయండి. దాని కింద నాది. మా బావమరిదిది నా కింద."

మర్నాడు భార్యను కూడా తీసుకొచ్చారు. తివాచీ దగ్గర ఆగిన మొదటి మనిషికే ఆయన గొంతు సవరించుకుని చెప్పారు.

"ఇది మా అత్తగారు వేసిన అంచండి." కాస్త ఆగి, "అని మా ఆవిడ చెబుతోంది."

ఆవిడ అట్ట మీద అమ్మ పేరు చదువుతూనే, తల తిప్పకుండా అన్నారు.

"చెప్పడమేంటండీ. చూశాను."