చెప్పుల చప్పుడు విని నేసిన చీరలు

1961లో నన్ను హిందూపురం నుంచి ధర్మవరం చేనేత సంఘానికి పర్యవేక్షకుడిగా బదిలీ చేశారు. హోదా పేరు పెద్దదే గాని, పని మాత్రం వీధులు తిరగడం. సంఘం సభ్యులకు పట్టు ఇస్తుంది. వాళ్లు ఇంట్లో చీర నేసి తెస్తారు. నేను దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి నేత చూస్తాను. పేక, అంటే అడ్డపోగు, చీరంతా ఒకే బిగువుతో పడాలి. పడకపోతే చీర వెనక్కి పోతుంది.

నారాయణప్ప చీరలు నన్ను తికమక పెట్టాయి. ఒకే చీరలో కొన్ని మూరలు చేయి తిరిగిన నేత, తర్వాత జానెడు వదులు, ఆ పైన ఇంకో రకం బిగువు. ఒక మనిషి చేయి ఇన్ని రకాలుగా ఎలా పడుతుంది? అది తేలేదాకా నాకు అన్నం సహించేది కాదు. కమిటీ పెద్దలకు అంత కుతూహలం లేదు. తాగుబోతు, పట్టు ఆపేయండి అన్నారు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి, అయినా సారా దొరికేచోట దొరికేది. పట్టు ఆపే ముందు సభ్యుడు నా ఎదుట జానెడు నేసి చూపించాలని నియమం. అందులో తప్పితే ఆ ఇంట్లో మగ్గమూ ఆగుతుంది, పొయ్యీ ఆరుతుంది.

నేను పోయేసరికి నారాయణప్ప తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని గుంటమగ్గంలో కూర్చుని ఉన్నాడు.

“నిన్న పొద్దున్నించి ముట్టనీలేదు సార్. సీసా నేనే దాచిపెట్టినా” అంది ఆయన భార్య గర్వంగా.

నాకూ సంతోషమేసింది. కాని పేకను అటూ ఇటూ నడిపే నాడె పట్టుకున్న చేతులు వణికాయి. నాడె జారింది, పోగులు తెగాయి. అతికి మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తెగాయి. చెమటకు విభూతి కరిగి కారింది. ఆమె ఏమీ అర్థంకాక నా ముఖం చూసింది.

పక్కన కండెలు చుడుతున్న కూతురు సుశీల రాట్నం ఆపింది. పద్నాలుగేళ్లు ఉంటాయేమో.

“తాగకపోతేనే నాయన ఇట్ల వణుకుతాడు సార్. రోంత తాగితే బాగా నేస్తాడు. శానా తాగితే పండుకుంటాడు. అప్పుడు నేను కూచుంటా.”

“ఇంతకాలం చెప్పలేదేమే?” అంది తల్లి.

“ఎవురడిగినారు?” అంది పిల్ల.

మూడు నేతల సంగతి అలా తేలింది. ఏ పూట ఎట్లా ఉంటుందో నీకెలా తెలుస్తుందమ్మా అని అడిగాను.

“చెప్పులు సార్. వాకిట్లో జతగా ఇడిస్తే నేను మగ్గం దిగుతా. ఒగటి ఆడ, ఒగటి ఈడ పడిన సప్పుడైతే దిగను.”

నేను పెనుకొండలో పెరిగాను. మా నాయన కచేరీలో జవాను. ఆయన గొళ్లెం తీసే తీరును బట్టి, ఇంట్లో అన్నం తినాలా, అవ్వ ఇంటికి పోవాలా అని నేనూ చెల్లెలూ తేల్చుకునేవాళ్లం. ఈ విద్య మా ఇద్దరికే వచ్చనుకుంటూ పెరిగాను. ఇంకొకరి నోట వినేసరికి, పరాయి ఊళ్లో మా వీధి మనిషి ఎదురైనట్టు అనిపించింది.

జానెడు నేసి చూపమ్మా అన్నాను. నారాయణప్ప ఎవరూ చెప్పకుండానే గుంటలోంచి లేచి, “కూచో పాపా” అన్నాడు. పిల్ల నేసింది. మొదటినుంచి చివరిదాకా ఒకే బిగువు.

పట్టు తల్లి పేరున ఇవ్వాలని, నేత కూతురిదని కమిటీకి రాశాను. సభ్యత్వం అలా మార్చడం కుదరదని గొణిగారు, చివరికి ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పడానికి పోతే సుశీల ఒక్కటే అడిగింది.

“ఇంక నాయన చెప్పులు జతగా ఇడిసినా నేను దిగే పని లేదా సార్?”

లేదన్నాను. నారాయణప్ప గోడకు ఆనుకుని వింటున్నాడు. తల ఎత్తలేదు.

ఆ ఇంటి చీరలు తర్వాత ఎప్పుడూ వెనక్కి పోలేదు. కాని వెలుతురుకు పట్టి చూస్తే, అక్కడక్కడా అడ్డంగా ఒక సన్నని గీత కనబడేది. నేస్తున్న చేయి కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడితే పేకలో అలాంటి గీత పడుతుంది. ఒకనాడు నేను అక్కడ కూర్చుని ఉండగానే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సుశీల చేయి ఆగింది. దిగే పని లేదని తెలుసు, అయినా విన్నది. విన్నాక నాడె వేసింది.

మగ్గం ఎవరిదో నియమంతో మార్చవచ్చునని, చిన్నప్పుడు నేర్చిన వినికిడిని మార్చలేమని ఆ ఉద్యోగంలో తెలుసుకున్నాను. ఆ గీతను లోపంగా నేనెన్నడూ రాయలేదు.