మెడ ముక్క ఎక్కడుంది?

కొల్లేటి లంకలో పుట్టిన మా అమ్మ తల లేని చేపను కొనేది కాదు. మొప్ప ఎత్తి చూసి, లోపల ఎర్రగా ఉంటేనే బుట్టలో వేయించుకునేది. ఎవరైనా కోసిన ముక్కలు తెస్తే "తలేదమ్మా?" అని అడిగేది. తల చూపించనివాళ్ళు ఇంకేదో కూడా చూపించడం లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం నాకూ వచ్చింది. ఏలూరులో కాపురం పెట్టినప్పటినుంచి కోడిని కళ్ళెదుట కోయించుకోకుండా ఇంటికి తెచ్చింది లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో కోడికూర, వడ్డన నాది. తొడలు మగవాళ్ళకు, కార్జం పిల్లలకు, కందనకాయ ముందు అడిగినవాళ్ళకు. వడ్డించేవాళ్ళకు మెడ, వీపు. అమ్మ మెడ తినేది, నేనూ మెడే తింటాను. భోజనాలయ్యాక కంచాల్లో ఎముకలు చూసి ఎవరికి ఏ ముక్క వెళ్ళిందో చెప్పగలను.

మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో కాలేజీ లెక్చరరు. దాని కూతురు, రెండో తరగతి, నా దగ్గర ఉండి ఏలూరులో చదువుకుంటోంది. పోయిన వేసవిలో పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తిండి పోయింది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. కోడికూర కంచం ముందుకు జరిపితే, నన్నోసారి చూసి వెనక్కి నెట్టేసేది. మాంసమో గుడ్డో ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలన్నాడు డాక్టరు.

ఆ ఆదివారం అమ్మాయి, అల్లుడు ఐసు డబ్బాలో ఒక ప్యాకెట్టు పెట్టుకుని రైల్లో వచ్చారు. చికెన్ నగ్గెట్లట. అమ్మాయి వేయించి ఇచ్చింది. పిల్ల తినేసి, ఇంకోటి అడిగింది.

నేనొకటి విరిచి చూశాను. తెల్లగా, మెత్తగా ఉంది. ఎముక లేదు, నరం లేదు, తోలు లేదు.

"ఇదెక్కడి ముక్కే?"

"చికెనేనమ్మా."

"చికెన్ సరే. తొడా, రొమ్మా, వీపా?"

"అన్నీ కలిపి రుబ్బుతారు."

"అన్నీ కలిపితే ఏదీ కాదన్నమాట."

"నీ పంతానికి పిల్లని ఎండబెట్టకమ్మా. స్కూలు తెరిచేలోపు ఇక్కడ తిండి తినకపోతే గూడెం తీసుకుపోయి అక్కడే చేర్పిస్తాను."

మాట నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

అల్లుడు నాకు సర్దిచెబుదామని ఫోనులో చదివి వినిపించాడు. దీన్ని కనిపెట్టింది అమెరికాలో ఒక యూనివర్సిటీ ప్రొఫెసరట, పంతొమ్మిది వందల అరవైల్లో. అక్కడ జనం కోడిని మొత్తంగా కొనడం విసుగనుకునేవారట. ముద్ద చేసిన మాంసం తోలు లేకుండా విడిపోకుండా ఎలా ఉంటుంది, పైన పూత వేపుడులో ఊడిపోకుండా ఎలా ఉంటుంది, ఈ రెండూ ఆయన తేల్చాడట. పైగా పేటెంటు తీసుకోకుండా అందరికీ పంచిపెట్టేశాడట.

"ఎందుకండీ?" అన్నాను.

"మంచితనం అండి, అత్తయ్యగారూ."

"అంత కష్టపడి కనిపెట్టి ఊరికే ఇచ్చేశాడంటే, ఆయన ఇంట్లో తినేవారో లేదో కనుక్కున్నారా?"

అల్లుడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఒక నగ్గెట్టు వేడినీళ్ళలో నానబెట్టి, పూత ఒలిచి, పూతనూ మాంసాన్నీ విడివిడిగా కాటాలో వేశాను. మూడో వంతు పిండే. అట్ట మీద తేదీ చూస్తే నెలల తరబడి నిలవుంటుందట. నెలల తరబడి నిలవుండే కోడి ఏం కోడి?

పిల్ల తినేది అదే అయితే, అదేదో నా కోడితోనే చేసి పెట్టాలనుకున్నాను. మర్నాడు కోడిని కోయించుకొచ్చి ఎముకలు తీశాను. మెడ మీది మాంసం కూడా గీకి కలిపాను, వదలబుద్ధి కాక. రోట్లో నూరి, గుడ్డుసొనలో ముంచి, బ్రెడ్డు పొడిలో దొర్లించి నూనెలో వేశాను. పూత ఒక పక్కకు, మాంసం ఒక పక్కకు పోయాయి. పిల్ల మూకుట్లోకి తొంగిచూసి "పప్పులా అయిపోయింది అమ్మమ్మా" అని నవ్వింది. జ్వరం తగ్గాక అది నవ్వడం అదే మొదలు.

అప్పుడు అమ్మ చేప వడలు గుర్తొచ్చాయి. చేప గుజ్జులో ఉప్పు వేసి, అరచేతికి జిగురు పట్టేదాకా పిసికేది. ఉండ చేసి ముందు పొడి బియ్యప్పిండిలో దొర్లించేది, తరవాతే సొన. నేనూ అలాగే చేశాను. ఈసారి విడలేదు. మా అమ్మకు తెలిసినదాని కోసం ఆ ప్రొఫెసరు అంత కష్టపడ్డాడా అనిపించింది.

ఆదివారం మళ్ళీ అందరం కూర్చున్నాం. కూరకు బదులు ఆ ఉండలే వడ్డించాను. నా కంచంలోకి అలవాటుగా అడుగున విరిగిన ముక్కలు తీసుకుంటున్నాను. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇందులో మెడ ముక్క ఎక్కడుంది?"

"లేదమ్మా. మెడ కూడా నూరి అన్నింట్లో కలిపేశాను."

"మరి నువ్వు విరిగినవి ఎందుకు తింటున్నావ్? కూరప్పుడు కూడా ఎముకలే తింటావు. నాకు మాంసం పెట్టి నువ్వు ఎముక చీకుతుంటే నాకు తినబుద్ధి కాదు."

విరిగినవి తీసేసి తన కంచంలోంచి మంచిది ఒకటి నా కంచంలో పెట్టింది. నేను తినేదాకా తను ముట్టలేదు.

తిన్నాను. అప్పుడు పిల్లా తింది. మెడ రుచి అందులో ఎక్కడా దొరకలేదు. ఆ రుచి నాకు నిజంగా ఇష్టమా, లేక నా వంతుకు వచ్చింది కాబట్టి ఇష్టమనుకున్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. భోజనాలయ్యాక కంచాలు తీస్తే ఒక్క ఎముకా లేదు. ఎవరు ఏ ముక్క తిన్నారో చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం అమ్మాయి తమ బట్టలు మాత్రమే సర్దుకుంది. పిల్ల సంచి గోడకే ఉంది.

"ఇక్కడే ఉండనీలేమ్మా. కానీ ఒక షరతు."

"ఏంటి?"

"దాని ఎదురుగా మెడ తినకు."

సరేనన్నాను. వాళ్ళు తెచ్చిన ప్యాకెట్టులో మిగిలినవి ఇంకా ఫ్రీజరులోనే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి తేదీ చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను. ఇంకా పాడవలేదు. నాకు నచ్చనిదే అది.